1453లో కాన్‌స్టాంటినోపుల్ పడిపోయింది కాబట్టే పునరుజ్జీవనం వచ్చిందా?

గ్రూప్స్_గోపి
ఏ గైడు తిరగేసినా ఒకటే పాట. 1453లో టర్కులు కాన్‌స్టాంటినోపుల్‌ని పట్టుకున్నారు, గ్రీకు పండితులు పుస్తకాలు చంకన పెట్టుకుని ఇటలీకి పారిపోయి వచ్చారు, దాంతో పునరుజ్జీవనం మొదలైంది. అదే గైడులో రెండు పేజీలు తిప్పితే ఇటలీ కవి పెట్రార్క్ 1374లో చనిపోయాడని ఉంటుంది, ఫ్లోరెన్స్ గోపురం 1436లో పూర్తయిందని ఉంటుంది. పిల్లాడు పుట్టాక పెళ్లిచూపులు జరిగినట్టుంది ఈ లెక్క. మెయిన్స్‌లో "ఆలోచన, విజ్ఞానం, మతం, అన్వేషణల మీద ప్రభావం" అని అడిగితే తేదీలతో నిలబడేలా ఏం రాయాలి? "మనిషే కేంద్రమయ్యాడు" లాంటి వాక్యాలు వద్దు, అవి నా దగ్గర బోలెడున్నాయి.

తాళపత్రం
1453 అబద్ధం కాదు, ఆలస్యంగా వచ్చిన అల. ఫ్లోరెన్స్ నగరం 1397లోనే మాన్యుయెల్ క్రైసొలోరాస్‌ని జీతమిచ్చి మరీ కాన్‌స్టాంటినోపుల్ నుంచి గ్రీకు నేర్పడానికి రప్పించుకుంది. పారిపోయి రాలేదాయన, పిలిస్తే వచ్చాడు. తర్వాత 1438-39లో తూర్పు, పడమర చర్చిలను కలుపుదామని మొదట ఫెరారాలో, ఆపైన ఫ్లోరెన్స్‌లో పెద్ద సభ జరిగింది. బెస్సారియన్ లాంటి గ్రీకు పండితులు ఇటలీలో దిగింది అప్పుడు.

లాటిన్ వైపు కథ ఇంకా పాతది. ప్రాచీన రోమ్ వక్త సిసెరో ఉత్తరాలు పెట్రార్క్‌కి 1345లో వెరోనాలో దొరికాయి. 1416లో సెయింట్ గాల్ మఠంలో పోజియో బ్రాచ్చొలీనీకి రోమన్ రచయిత క్వింటిలియన్ పూర్తి పాఠం దొరికింది, మరుసటి ఏడు రోమన్ కవి లుక్రీషియస్. ఇవేవీ తూర్పు నుంచి మూట కట్టుకొచ్చినవి కావు, యూరప్ మఠాల్లోనే దుమ్ము కొట్టుకుని పడి ఉన్నవి.

1453కి న్యాయంగా దక్కాల్సిన మార్కు ఒకటుంది. నగరం పోయాక గ్రీకు గ్రంథాలు మట్టి కొట్టుకుపోతాయన్న భయంతో బెస్సారియన్ కనిపించినవన్నీ కొన్నాడు, కొనలేనివి రాయించాడు. 1468లో దాదాపు 750 రాతప్రతుల్ని వెనిస్‌కి రాసిచ్చేశాడు. ఆ ఒక్క వాక్యం రాయి, 1453 దగ్గర సరిపోతుంది.

అచ్చుతప్పు
1453 కొట్టేసి 1455 రాసుకో గోపీ. జర్మనీలోని మైన్జ్, గూటెన్‌బర్గ్ అచ్చు. మిగతావన్నీ దాని తోకలు.

గ్రూప్స్_గోపి
@అచ్చుతప్పు అచ్చు చైనాలో, కొరియాలో ముందే ఉంది కదా అన్నా? కొరియాలో లోహపు అక్షరాలతో వేసిన జిక్జి 1377 నాటిది. మరి గూటెన్‌బర్గ్ కొత్తగా ఏం చేశాడు?

అచ్చుతప్పు
మంచి ప్రశ్న. అక్షరాన్ని విడిగా పోతపోయడం కొత్త కాదు. ఒకే అక్షరాన్ని వందలసార్లు, తేడా లేకుండా, చకచకా పోతపోసే పనిముట్టు కొత్త. ఇప్పటిదాకా ఎక్కువమంది ఒప్పుకునే పద్ధతి ఇది:

ముందు ఉక్కు కడ్డీ కొసన అక్షరాన్ని తిరగేసి చెక్కుతారు. దాన్ని రాగి ముక్క మీద సుత్తితో కొడితే గుంట పడుతుంది. ఆ రాగి ముక్కను చేతిలో పట్టే అచ్చు అడుగున బిగిస్తారు. ఈ చేతి అచ్చులోనే ఉంది తెలివంతా: రెండు సగాలు ఒకదాని మీద ఒకటి జారతాయి, కాబట్టి "ఐ"కి సన్నగా, "ఎమ్"కి వెడల్పుగా సర్దుకోవచ్చు, ఎత్తు మాత్రం మారదు. కరిగిన లోహం పోసి, ఒక్క కుదుపు కుదిపి, తెరిచి అక్షరాన్ని బయటికి తీస్తారు. మళ్లీ పోస్తారు.

లోహం వట్టి సీసమైతే మెత్తన, నొక్కుడుకి అక్షరం అణిగిపోతుంది. తగరం కలిపితే బాగా పారుతుంది, ఆంటిమొనీ గట్టిదనం ఇస్తుంది, చల్లారేటప్పుడు కుంచించుకుపోకుండా చూస్తుంది. ఎత్తు దగ్గర తేడా వస్తే పని చెడుతుంది: వెంట్రుకవాసి పొట్టిదైతే ఆ అక్షరం కాగితం మీద పడదు, పొడుగైతే కాగితాన్ని చించుతుంది.

సిరా ఇంకో తలనొప్పి. చెక్క అచ్చులకు వాడే నీళ్ల సిరా లోహం మీద నిలవదు, బొట్లు బొట్లుగా జారిపోతుంది. అందుకే అవిసె నూనె కాచి మసి కలిపిన జిడ్డు సిరా. కాగితాన్ని ముందు రోజే తడిపి పెడతారు, లేకపోతే సిరా సరిగా పట్టదు.

గూటెన్‌బర్గ్ అచ్చేసిన బైబిల్ లెక్క: చాలా పేజీలకు 42 వరుసలు, మొత్తం 1,282 పేజీలు, సుమారు 180 ప్రతులు. అందులో నాలుగో వంతు దూడ చర్మం మీద, మిగతావి కాగితం మీద. ఒక్కో చర్మం ప్రతికి దాదాపు 170 దూడల తోళ్లు కావాలి. సంక్షిప్త రూపాలు, జోడక్షరాలు కలిపి సుమారు 290 రకాల అచ్చక్షరాలు. ఈ ఖర్చంతా అప్పు. 1455లో అప్పిచ్చిన యోహాన్ ఫస్ట్ కోర్టుకెక్కి గెలిచాడు, పని సరంజామా ఆయన చేతికి పోయింది.

మిరపతోట
అంటే ప్రపంచాన్ని మార్చిన స్టార్టప్‌లో ఫౌండర్‌ని ఇన్వెస్టరే గెంటేశాడన్నమాట. కథ అప్పటినుంచీ ఇంతే.

తాళపత్రం
@అచ్చుతప్పు పని వివరం బావుంది, "మిగతావన్నీ తోకలు" దగ్గర ఒప్పుకోను. అచ్చు రాకముందే ఫ్లోరెన్స్‌లో పుస్తకాల వ్యాపారం జోరుగా ఉంది. ఫ్లోరెన్స్ పెద్ద కొసిమో మెడిచి కోసం పుస్తకాల వ్యాపారి వెస్పసియానో 45 మంది లేఖకుల్ని పెట్టి 22 నెలల్లో 200 గ్రంథాలు రాయించాడు. ఆకలి ముందు పుట్టింది, అచ్చు తర్వాత వచ్చింది.

పైగా మొదట్లో అచ్చు మోసింది పాత సరుకునే. తేదీ తెలిసిన అచ్చు కాగితాల్లో అతి పాతది 1454 నాటి పాపపరిహార పత్రం, అంటే పాపాలకు పడే శిక్ష తగ్గుతుందని డబ్బు తీసుకుని చర్చి ఇచ్చే కాగితం. పేరు, తేదీ రాసుకోవడానికి ఖాళీలు వదిలిన ఫారం అది! చర్చి అచ్చును చూసి జడుసుకుందని రాసేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి. మొదటి పెద్ద గిరాకీ చర్చిదే.

అచ్చుతప్పు
అది ఒప్పుకుంటా. కానీ లేఖకుడు రాసిన 200 పుస్తకాల్లో 200 రకాల తప్పులుంటాయి. అచ్చులో తప్పు ఉంటే అన్ని ప్రతుల్లో అదే పేజీలో అదే తప్పు. క్రాకోలో ఉన్నవాడూ పాదువాలో ఉన్నవాడూ ఒకే పట్టికను చూసి "ఇక్కడ అంకె తేడా ఉంది" అని ఉత్తరాలు రాసుకోవచ్చు. బొమ్మలకూ, పట్టికలకూ ఇదే అసలు లాభం. చేత్తో ఎక్కించిన పటం పది చేతులు మారేసరికి గుర్తుపట్టలేం.

చర్చి_వీధి
మతం సంగతి నేను అందుకుంటా. మత సంస్కరణ నడిపిన లూథర్‌తో మొదలుపెట్టొద్దు, ఇటలీ పండితుడు లొరెంజో వల్లాతో మొదలుపెట్టు. పశ్చిమ రోమన్ సామ్రాజ్యాన్ని కాన్‌స్టాంటైన్ చక్రవర్తి పోప్‌కి దానమిచ్చాడని ఒక పత్రం ఉండేది. పోప్‌ల రాజ్యాధికారానికి అదొక ఆధారం. వల్లా 1440లో దాన్ని దొంగపత్రమని తేల్చాడు. దైవశాస్త్రంతో కాదు, భాషతో. నాలుగో శతాబ్దపు రోమ్‌లో అలాంటి లాటిన్ రాయరు, రోమన్ కొలువులో సత్రపులు (పర్షియా రాజ్యపాలకులు) ఉండరు, ఇంకా కట్టని కాన్‌స్టాంటినోపుల్‌ని చర్చి పీఠంగా పేర్కొనడం కుదరదు. ఆయన అప్పుడు నేపుల్స్ రాజు కొలువులో ఉన్నాడు, ఆ రాజుకి పోప్‌తో తగవు. కాబట్టి వట్టి సత్యాన్వేషణ అనుకోకు.

తర్వాత 1516, బాసెల్. డచ్ పండితుడు ఇరాస్మస్ గ్రీకు కొత్త నిబంధనను అచ్చు వేయించాడు. తొందర ఎంతంటే, చేతిలో ఉన్న ప్రకటన గ్రంథం రాతప్రతిలో చివరి ఆకు లేకపోతే ఆఖరి వచనాలను లాటిన్ నుంచి తనే గ్రీకులోకి తిప్పి పెట్టేశాడు. అలా వచ్చిన మాటలు కొన్ని ఆ తర్వాతి గ్రీకు ముద్రణల్లో కూడా ఉండిపోయాయి. ఇరాస్మస్ గ్రీకు కొత్త నిబంధన 1519 కూర్పునే పెట్టుకుని లూథర్ జర్మన్‌లోకి కొత్త నిబంధన చేశాడు. అది 1522 సెప్టెంబర్‌లో వచ్చింది, డిసెంబర్‌కల్లా మళ్లీ వేయాల్సి వచ్చింది.

పాత_మాస్టారు
చర్చి_వీధి గారూ, "పునరుజ్జీవనం వల్లే మత సంస్కరణ" అని విద్యార్థి గీత గీసేస్తాడు, జాగ్రత్త. పునరుజ్జీవన కళను పోషించిన వాళ్లలో పోప్‌లే ముందున్నారు. లూథర్‌కి ఎదురు నిలిచిన పోప్ పదో లియో స్వయానా మెడిచి ఇంటివాడు. గొడవ రేగింది కూడా రోమ్‌లో సెయింట్ పీటర్స్ చర్చి కట్టడానికి అమ్మిన పాపపరిహార పత్రాల మీద. డబ్బు దారి చూడండి: ఆల్‌బ్రెక్ట్ మైన్జ్ ఆర్చిబిషప్ పదవి కోసం ఫుగ్గర్ బ్యాంకు దగ్గర అప్పు చేశాడు. పత్రాల మీద వచ్చినదాంట్లో సగం రోమ్‌కి, సగం ఫుగ్గర్ అప్పుకి. 1517 అక్టోబర్ 31న లూథర్ తన 95 వాదాలు పంపింది ఈ ఆల్‌బ్రెక్ట్‌కే.

ఇరాస్మస్, లూథర్ ఒకే జట్టు అనుకోవడమూ పొరపాటే. మనిషికి స్వేచ్ఛాసంకల్పం ఉందా లేదా అన్న దాని మీద 1524-25లో ఇద్దరూ బహిరంగంగా తలపడ్డారు.

చర్చి_వీధి
నిజమే మాస్టారూ. మూలానికి వెళ్లి సరిచూసుకునే అలవాటు ఒకరిదైతే, దాన్ని కత్తిలా వాడింది ఇంకొకరు అని రాస్తే సరిపోతుందేమో.

ఎముకల_కొట్టు
విజ్ఞానం అనగానే అందరూ 1543లో సూర్యుణ్ని మధ్యలో పెట్టిన కోపర్నికస్ దగ్గరికి పరిగెత్తుతారు. అదే 1543లో బాసెల్‌లో వెసాలియస్ శరీర నిర్మాణ గ్రంథం వచ్చింది, అప్పటికి ఆయనకు 28 ఏళ్లు.

అంతకుముందు పాఠం ఎలా నడిచేదో చూడండి. ఆచార్యుడు ఎత్తైన కుర్చీలో కూర్చుని పుస్తకం చదువుతాడు. కింద మంగలి కోస్తాడు. మూడోవాడు పుల్లతో చూపిస్తాడు. కోతలు చలికాలంలోనే, శవం ఆగదు కదా. క్రమం కూడా కుళ్లే వరసలోనే: ముందు పొట్ట, తర్వాత ఛాతీ, తల, చివరికి కాళ్లూ చేతులూ. పుస్తకంలో ఉన్నదీ బల్ల మీద ఉన్నదీ కలవకపోతే చదివేవాడు కిందికి చూడడు.

వెసాలియస్ పాదువాలో కుర్చీ దిగి తనే కత్తి పట్టాడు. ప్రాచీన గ్రీకు వైద్యుడు గేలెన్ కింది దవడ రెండు ఎముకలన్నాడు, ఒకటే ఉంది. రొమ్ము ఎముక ఏడు ముక్కలన్నాడు, మూడే. మెదడు అడుగున "అద్భుత రక్తనాళ జాలం" అన్నాడు, మనిషిలో అది లేదు, గొర్రెలూ ఎద్దుల్లాంటి పశువుల్లో ఉంటుంది. ఎందుకిలా? గేలెన్ కోసినవి కోతులూ పందులూ పశువులూ. రోమ్‌లో మనిషి శవాన్ని కోయడానికి వీల్లేదు.

చెక్క దిమ్మల మీద చెక్కించిన బొమ్మల్ని వెనిస్ నుంచి ఆల్ప్స్ దాటించి బాసెల్‌కి మోయించాడు. ప్రతి భాగానికీ అక్షరం గుర్తు, పక్కన వివరణ. పైన అచ్చుతప్పు చెప్పిన పాయింటుకి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

మిరపతోట
పాత గురువులు ఊరుకున్నారా?

ఎముకల_కొట్టు
ఊరుకుంటారా! పారిస్‌లో ఆయన గురువు సిల్వియస్ అన్నదేమిటంటే, గేలెన్ తప్పు కాదు, ఆయన కాలం తర్వాత మనుషుల శరీరాలే మారిపోయాయి అని. అలాగని వెసాలియస్ అన్నీ తేల్చేశాడనీ కాదు. గుండె గదుల మధ్య గోడలో కంటికి కనబడని రంధ్రాలున్నాయన్న గేలెన్ మాటను 1543లో గట్టిగా కొట్టేయలేకపోయాడు, 1555 కూర్పులోగానీ ధైర్యం చేయలేదు.

గ్రహగతి
కోపర్నికస్ గురించి ఒక్క హెచ్చరిక: "సూర్యుణ్ని మధ్యలో పెట్టగానే లెక్కలు సులువయ్యాయి, కచ్చితమయ్యాయి" అని రాయొద్దు. ఆయన వృత్తాలను వదల్లేదు, చిన్న వృత్తాల మీద చిన్న వృత్తాలు అలాగే ఉన్నాయి. గ్రహం ఎక్కడ కనపడుతుందో చెప్పడంలో భూమిని మధ్యలో పెట్టిన ప్రాచీన గ్రీకు పండితుడు టాలెమీ కంటే పెద్దగా మెరుగు లేదు. వచ్చిన లాభం వేరు. కుజుడు వెనక్కి నడిచినట్టు కనపడటం భూమి కదలిక వల్లేనని దానంతటదే తేలిపోయింది. గ్రహాల వరస తిరిగే కాలాన్నిబట్టి కుదిరింది: బుధుడు 80 రోజులు, శుక్రుడు 9 నెలలు, కుజుడు 2 ఏళ్లు, గురుడు 12, శని 30.

పుస్తకాన్ని పోప్ మూడో పాల్‌కి అంకితమిచ్చాడు. అచ్చు పని చూసిన ఓసియాండర్ ముందు పేరు లేకుండా ఒక మాట చేర్చాడు, ఇదంతా లెక్కల సౌకర్యం కోసం, నిజమని కాదు అని. చర్చి దాన్ని 1616 దాకా ఆపలేదు, ఆపినప్పుడు కూడా "సవరించేదాకా" అనే ఆపింది. 1620లో ఏయే వాక్యాలు మార్చాలో చెప్పింది.

కచ్చితత్వం వచ్చింది డెన్మార్క్ ఖగోళవేత్త టైకో బ్రాహే కొలతలతో. కుజుడి లెక్కలో మిగిలిన 8 ఆర్క్‌నిమిషాల (ఆర్క్‌నిమిషం అంటే డిగ్రీలో అరవయ్యో వంతు) తేడాను కెప్లర్ వదిలిపెట్టలేదు, 1609లో వృత్తం పోయి దీర్ఘవృత్తం వచ్చింది.

అరబ్బీ_అంకె
గ్రీకు నుంచి సరాసరి ఇటలీకి అని రాసేస్తున్నారు అందరూ. టాలెమీ ఖగోళ గ్రంథాన్ని గెరార్డ్ టొలీడోలో అరబ్బీ నుంచి లాటిన్‌లోకి తెచ్చింది 1175లో. కోపర్నికస్ చంద్రుడి నమూనా డమాస్కస్ ఖగోళవేత్త ఇబ్న్ అల్ షాతిర్ నమూనాతో గణితపరంగా ఒకటే. రెండు వృత్తాలతో సరళరేఖ చలనం పుట్టించే పర్షియా పండితుడు తూసీ కిటుకు కూడా కోపర్నికస్‌లో కనపడుతుంది.

మన అంకెల సంగతీ అంతే. ఇటలీ గణితవేత్త ఫిబొనాచి 1202లో వాటి గురించి రాస్తే, 1299లో ఫ్లోరెన్స్ డబ్బు మార్పిడి వ్యాపారుల సంఘం లెక్కల పుస్తకాల్లో ఆ అంకెలు వాడొద్దని కట్టడి పెట్టింది. తర్వాత రెండు వందల ఏళ్లకి అదే ఇటలీలో, 1494లో, పచోలి జమాఖర్చుల జంట పద్దును ఆ అంకెలతోనే అచ్చు వేశాడు.

గ్రహగతి
@అరబ్బీ_అంకె నమూనా ఒకటేనన్నది నిజం. ఏ దారిన చేరిందో చూపించే కాగితం మాత్రం దొరకలేదు. "పోలిక ఉంది" అని రాయి, "ఎత్తేశాడు" అని రాయకు.

సముద్రం_సూరి
అన్వేషణ నా వాటా. ముందు చెత్త తీసేద్దాం: భూమి బల్లపరుపని చదువుకున్నవాళ్లెవరూ అనుకోలేదు. గోళమని చెప్పే సాక్రొబోస్కో పాఠ్యపుస్తకం 13వ శతాబ్దం నుంచి విశ్వవిద్యాలయాల్లో ఉంది. కొలంబస్‌తో పండితులకు వచ్చిన తగవు ఆకారం మీద కాదు, సైజు మీద. పండితులదే రైటు.

కొలంబస్ లెక్క ఎలా చెడిందో చూడండి. ఒక డిగ్రీకి 56⅔ మైళ్లని అరబ్బీలో రాసిన ఖగోళవేత్త అల్ ఫర్గానీ చెప్పాడు, అవి అరబ్బీ మైళ్లు. ఈయన పొట్టి ఇటలీ మైళ్లనుకున్నాడు. అక్కడే భూమి పావు వంతు చిక్కిపోయింది. పైగా ఆసియా ఎంత వెడల్పో చెప్పిన వాళ్లలో ఎక్కువ చెప్పిన టైర్ మారినస్ అంకెనే పట్టుకున్నాడు, టాలెమీ 180 డిగ్రీలంటే ఆయన 225. మార్కోపోలో జపాన్‌ని చైనాకి 1,500 మైళ్ల తూర్పున పెట్టాడు, అదీ కలిపేశాడు. కానరీ దీవుల నుంచి జపాన్‌కి 2,400 నాటికల్ మైళ్లని తేలింది. అసలు దూరం సుమారు 10,600. మధ్యలో అమెరికా అడ్డం పడకపోతే ఆ మూడు ఓడలూ తిండీ నీళ్లూ లేక పోయేవి.

మిరపతోట
ఆ లెక్క తప్పబట్టే అమెరికా మిరప పోర్చుగీసుల ఓడల్లో మన తీరానికి వచ్చింది. అంతకుముందు మనకి కారమంటే మిరియాలే. ఆవకాయ తినేవాళ్లు అల్ ఫర్గానీకి ఒక దండం పెట్టుకోండి.

గ్రూప్స్_గోపి
@సముద్రం_సూరి పోర్చుగీసుల సంగతి? "దిక్సూచి, ఆస్ట్రోలేబ్ వల్ల సాధ్యమైంది" అని ఒక్క ముక్కలో రాసేస్తారు అన్నిచోట్లా.

సముద్రం_సూరి
దిక్సూచి దిక్కు చెబుతుంది, ఎక్కడున్నావో చెప్పదు. ఉత్తరాన ధ్రువ నక్షత్రం ఎత్తు కొలిస్తే అక్షాంశం తెలుస్తుంది. భూమధ్యరేఖ దాటగానే అది మునిగిపోతుంది. ఆఫ్రికా చుట్టూ తిరిగేవాళ్లకి అసలు చిక్కు ఇదే. కాబట్టి సూర్యుణ్ని కొలవాలి, సూర్యుడేమో రోజుకో చోట ఉంటాడు. ఆ తేడాను దిద్దే సౌర క్రాంతి (సూర్యుడు భూమధ్యరేఖకి ఎన్ని డిగ్రీలు ఉత్తరాన లేదా దక్షిణాన ఉన్నాడన్న లెక్క) పట్టికలు యూదు పండితుడు అబ్రహాం జకూతో చేశాడు, 1496లో పోర్చుగల్‌లోని లైరియాలో అచ్చయ్యాయి.

కొలిచే పద్ధతి: ఓడ ఆస్ట్రోలేబ్ బరువైన ఇత్తడి చట్రం, గాలికి ఊగకుండా మధ్యలో ఖాళీలు తీసి ఉంటుంది. కడియాన్ని బొటనవేలికి తగిలించి వేలాడదీస్తారు. సూర్యుడి వైపు చూడరు. తిరిగే పట్టీకి రెండు చిన్న రంధ్రాల రెక్కలుంటాయి. పై రంధ్రంలోంచి వచ్చిన వెలుగు చుక్క కింది రంధ్రం మీద పడేదాకా పట్టీ తిప్పుతారు, అప్పుడు అంకె చదువుతారు. మధ్యాహ్నానికి ముందు నుంచీ మళ్లీ మళ్లీ కొలుస్తూ పోతే ఎత్తు పెరగడం ఆగుతుంది, అదే మిట్టమధ్యాహ్నం. 90లోంచి ఆ ఎత్తు తీసేయాలి. నువ్వు ఉత్తర గోళంలో ఉండి, సూర్యుడు నీకు దక్షిణాన కనపడితే, ఉత్తర క్రాంతిని కలపాలి, దక్షిణ క్రాంతిని తీసేయాలి. ఎత్తు 60, క్రాంతి ఉత్తరం 10 అయితే నువ్వు 40 డిగ్రీల ఉత్తరాన ఉన్నట్టు.

తప్పెక్కడ? ఒక డిగ్రీ పోతే 60 నాటికల్ మైళ్లు పోయినట్టే. ఓడ ఊగుతూ ఉంటే నాలుగైదు డిగ్రీలు పోతాయని 1500లో కబ్రాల్ వెంట బ్రెజిల్ చేరిన మెస్త్రె జొవావ్ రాజుకి రాసిన ఉత్తరంలోనే ఉంది. అందుకే వాస్కోడగామా 1497 నవంబర్‌లో సెయింట్ హెలెనా అఖాతంలో ఒడ్డుకి దిగి మరీ పెద్ద చెక్క ఆస్ట్రోలేబ్‌తో కొలిచాడు. ఇంకోటి, లీపు సంవత్సరం వల్ల పట్టిక నాలుగేళ్ల చక్రం. పగలూ రాత్రీ సమానమయ్యే విషువత్తుల దగ్గర క్రాంతి రోజుకి 24 ఆర్క్‌నిమిషాలు మారుతుంది, ఒక రోజు తప్పు వరస చదివితే 24 మైళ్లు తప్పినట్టే.

కృష్ణా_తీరం
పట్టికలున్నా ఋతుపవనాలు తెలియకపోతే ఏమవుతుందో కూడా చెప్పు సూరీ. ఆఫ్రికా తూర్పు తీరంలోని మాలింది నుంచి స్థానిక నావికుడు దారి చూపిస్తే వాస్కోడగామా వాళ్లు 23 రోజుల్లో అరేబియా సముద్రం దాటి 1498 మేలో కోళికోడ్ చేరారు. తిరుగు ప్రయాణంలో గాలి మళ్లకముందే బయల్దేరారు. అక్టోబర్ 5న గోవా దగ్గరి అంజదీవ్ దీవి వదిలితే జనవరి 2కి గానీ ఆఫ్రికా తీరం కనపడలేదు. మూడు నెలలు, చిగుళ్లు వాచే స్కర్వీతో సుమారు 30 మంది పోయారు, నడపడానికి మనుషులు చాలక సావ్ రఫయెల్ ఓడని తగలబెట్టాల్సి వచ్చింది.

మన వాళ్లకి ఒక కాలం కొలత: శ్రీకృష్ణదేవరాయలు ఏలింది 1509-1529. గోవా పోర్చుగీసుల చేతికి పోయింది 1510లో. పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పాయిస్ విజయనగరం చూసి రాసింది సుమారు 1520లో, అంటే లూథర్ గొడవ రాజుకుంటున్న రోజుల్లోనే.

నల్లసిరా
అంతా వెలుగే రాస్తున్నారు. 1452లో పోప్ ఐదో నికొలస్ పోర్చుగల్ రాజుకిచ్చిన ఆజ్ఞాపత్రంలో క్రైస్తవులు కానివాళ్లని పట్టి శాశ్వత బానిసలుగా చేసుకునే అధికారం ఉంది. ఈ నికొలసే వాటికన్ గ్రంథాలయానికి పునాది వేసినవాడు, వల్లాకి కొలువిచ్చినవాడు. అంతకుముందే 1444లో పోర్చుగల్‌లోని లాగోస్‌లో ఆఫ్రికన్లని ఓడల్లోంచి దింపి పంచుకున్నారు. 1494 టోర్డెసిలాస్ ఒప్పందంలో కేప్ వెర్దె దీవులకి 370 లీగుల పడమర గీత గీసి ప్రపంచాన్ని స్పెయిన్, పోర్చుగల్ పంచుకున్నాయి. అచ్చు సంగతికొస్తే, మంత్రగత్తెల వేటకి చేతిపుస్తకం 1486 ప్రాంతంలో అచ్చయి కూర్పు మీద కూర్పు పడింది. ఇవి "దుష్ప్రభావాలు" అని చివర ఒక లైన్లో పెట్టేవి కావు.

అచ్చుతప్పు
@నల్లసిరా దీనికి నా దగ్గర జవాబు లేదు. అదే యంత్రం, అదే సిరా.

గ్రూప్స్_గోపి
ఇప్పుడు సరుకు ఎక్కువైంది, జాగా తక్కువ. 250 మాటల్లో ఏది ఉంచాలి, ఏది తీయాలి?

పాత_మాస్టారు
లియొనార్డో నోటు పుస్తకాలు తీసేయండి. ఆయన బతికుండగా అవి అచ్చు కాలేదు, విజ్ఞానం మీద వాటి ప్రభావం అప్పట్లో చాలా తక్కువ. గెలీలియో టెలిస్కోప్ 1609-10 నాటిది, ఇరికించాలంటే ఒక ముక్కలో ఇరికించండి. 1397, 1440, 1455, 1516, 1543 ఉంచండి. 1453ని బెస్సారియన్‌తో కట్టండి. అన్వేషణలో కొలంబస్ తప్పు లెక్క, జకూతో పట్టిక, ఈ రెండూ పక్కపక్కన పెట్టండి, ఒకటి పాత పుస్తకాన్ని నమ్మితే ఏమవుతుందో చూపిస్తుంది, రెండోది దిద్దుకుంటే ఏమవుతుందో. నల్లసిరా చెప్పిన 1452ని అన్వేషణ పేరాలోనే రాయండి, చివరికి తోయకండి.

గ్రూప్స్_గోపి
థ్యాంక్స్ మాస్టారూ. సూరి అన్నా, ఆ క్రాంతి కలపడం తీయడం దక్షిణ గోళంలో తిరగబడుతుందా?

సముద్రం_సూరి
అవును. దక్షిణాన ఉండి సూర్యుడు నీకు ఉత్తరాన కనపడితే దక్షిణ క్రాంతిని కలపాలి, ఉత్తర క్రాంతిని తీసేయాలి. నువ్వూ సూర్యుడూ భూమధ్యరేఖకి ఒకే వైపున ఉండి, సూర్యుడు ఆ రేఖకి నీకంటే దూరంగా ఉంటే మాత్రం, 90లోంచి ఎత్తు తీయగా వచ్చిన మిగులుని క్రాంతిలోంచి తీసేయాలి. నావికులు తడబడేది ఇక్కడే. అందుకే వాళ్ల చేతిపుస్తకాల్లో నీడ ఎటు పడుతోందో చూసుకో అని ఒక్కో సందర్భానికీ విడిగా రాసి పెట్టేవాళ్లు.